సొంత పసుపు పొడి చేసి అమ్మాలంటే: కొన్నవాళ్లు మళ్లీ అడిగేలా చేసే పద్ధతి, పొలం నుంచి ప్యాకెట్టు దాకా

"పసుపు కొమ్ము మార్కెట్ యార్డుకు తోలితే ఏం మిగలట్లేదు, పొడి చేసి మా పేరుతో అమ్ముకుంటాం, ఎలా మొదలుపెట్టాలి?" అని అడిగేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి ఎక్కువ, దుగ్గిరాల చుట్టుపక్కల నుంచి కొందరు. ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా అంతా ఒకచోట రాసిపెడుతున్నా. మిరప పొడికైనా గానుగ నూనెకైనా దారి దాదాపు ఇదే, కాకపోతే ఇక్కడ లెక్కలన్నీ పసుపువి.

ఒక మాట ముందే అనుకుందాం. మొదటి ప్యాకెట్టు మొహమాటానికి కొంటారు. బావమరిది కొంటాడు, ఊరి వాట్సాప్ గ్రూపులో నలుగురు కొంటారు. రెండో ప్యాకెట్టు మాత్రం సరుకు చూసే కొంటారు, పోటీలో ఉన్నామా లేదా అన్నది అక్కడే తేలుతుంది. కింద రాసినవన్నీ ఆ రెండో ప్యాకెట్టు కోసమే.

1. ముందు ఎవరితో పోటీ పడుతున్నారో చూడండి

మీ ఊళ్లో, దగ్గరి పట్నంలో అమ్ముతున్న పసుపు పొడి ఐదారు రకాలు కొనండి. రెండు పెద్ద బ్రాండ్లు, ఒక సూపర్ మార్కెట్ సొంత ప్యాకెట్టు, ఒక లోకల్ ప్యాకెట్టు, కిరాణా కొట్లో విడిగా తూకం వేసిచ్చేది. తెల్ల ప్లేట్లలో చెంచాడు చెంచాడు పోసి పక్కపక్కన పెట్టి రంగు, వాసన, మెత్తదనం చూడండి. కిలోకి ఎంత పడుతోందో, ప్యాకింగ్ తేదీ ఎప్పటిదో రాసుకోండి.

విడిగా అమ్మే పొడి ధరతో మీరు పోటీ పడలేరు. ఏ సరుకు ఎంతకు దొరికితే అది కలిపి మర పట్టించేవాళ్ల ధరకు, మంచి కొమ్ము మాత్రమే పట్టించే రైతు దిగలేడు. హోటళ్ల దగ్గరకూ ముందే పరిగెత్తకండి, చాలాచోట్ల వాళ్లు చూసేది కిలో రేటే. ఊరగాయలు పెట్టి అమ్మేవాళ్లు, అపార్టుమెంట్ల వాళ్లు, పిల్లలున్న ఇళ్లవాళ్లు నాలుగు రూపాయలు ఎక్కువైనా ఇస్తారు, కానీ వాళ్లకు ప్రతిసారీ అదే రంగు, అదే వాసన కావాలి.

ఈ అడుగులో తేల్చుకోవాల్సినవి:
- ఎవరికి అమ్ముతారు (ఒక్క రకం కొనుగోలుదారుతో మొదలుపెట్టండి)
- వాళ్లు ఇప్పుడు ఏది కొంటున్నారు, కిలో ఎంతకు
- దానికన్నా మీది ఎందులో మెరుగో ఒక్క వాక్యంలో చెప్పగలరా. "మాది స్వచ్ఛమైనది" అంటే కుదరదు, ఆ మాట అందరూ అంటారు. "ఫిబ్రవరిలో తవ్విన మా పొలం కొమ్మే, తల్లి దుంప కలపలేదు, ల్యాబ్ రిపోర్టు ఇదిగో" అంటే కుదురుతుంది. (తల్లి దుంప అంటే మొక్క మొదట్లో ఉండే లావు దుంప, కొమ్ములు దాని పక్కల నుంచి పుట్టేవి.)

2. తేడా అంతా ఉడకబెట్టి ఎండబెట్టే దగ్గరే

చాలామంది మిషన్ గురించి అడుగుతారు, ఉడకబెట్టడం గురించి అడగరు. రంగు, వాసన, నిల్వ ఈ మూడూ మరలోకి వెళ్లకముందే ఖరారైపోతాయి. ఇక్కడ పాడైన సరుకును తర్వాత ఏ మిషనూ బాగుచేయదు.

*రకం.* మీ రకంలో కుర్కుమిన్ (పసుపుకు ఆ రంగునిచ్చే పదార్థం) ఎంతో తెలుసుకోండి. కాలికట్‌లోని సుగంధ ద్రవ్యాల పరిశోధన సంస్థ ఇచ్చిన ప్రతిభ రకంలో అది 6 శాతం దాకా ఉంటుంది, మేఘాలయ లకడాంగ్‌లో 7 దాకా వస్తుంది. మన పాత రకాల్లో చాలావాటికి అంత ఉండదు. అందుకని పాత రకం పనికిరాదనుకోకండి, వంటింట్లో వాడేవాళ్లకు వాసన, రంగు చాలు. లేని కుర్కుమిన్ ఉందని చెప్పి అమ్మకుంటే చాలు.

*వేరుచేయడం.* తవ్వగానే తల్లి దుంపలు, కొమ్ములు విడదీయండి. దుంప లావు కాబట్టి ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. రెండూ కలిపి వేస్తే దుంప ఉడికేలోపు కొమ్ము చెడుతుంది, కొమ్ము చూసి దించేస్తే దుంప లోపల పచ్చిగా ఉండిపోతుంది. కుళ్లిన కొమ్ములు, పురుగు తగిలినవి అప్పుడే పక్కకు తీసేయండి. మట్టి బాగా కడగండి.

*ఉడకబెట్టడం.* తవ్విన రెండు మూడు రోజుల్లోపే అయిపోవాలి. మామూలు కళాయిలో అయితే కొమ్ములు మునిగేదాకా నీళ్లు పోసి 45 నుంచి 60 నిమిషాలు, ఆవిరి బాయిలర్‌లో అయితే ఇంకా తక్కువ. గడియారాన్ని మాత్రం నమ్మొద్దు. నురగ పైకొచ్చి, తెల్లటి ఆవిరితో పాటు పసుపు వాసన గుప్పుమన్నప్పుడు ఒక కొమ్ము తీసి వేళ్లతో నొక్కండి. మెత్తగా నొక్కుడు పడాలి, మొద్దు పుల్ల గుచ్చితే లోపలికి దిగాలి. ఎక్కువ ఉడికితే రంగు చెడుతుంది, తక్కువ ఉడికితే ఎండాక పెళుసుగా విరుగుతుంది. రంగు కోసమని సోడా, రసాయనం, ఏదీ వేయకండి.

*ఎండబెట్టడం.* నేల మీద కాదు, సిమెంటు కళ్లం మీదో శుభ్రమైన టార్పాలిన్ పట్టా మీదో. పొర మందం రెండు మూడు అంగుళాలు ఉండాలి. పలచగా పరిస్తే తొందరగా ఎండుతుంది కదా అనుకుంటారు గానీ అలా చేస్తే రంగు దెబ్బతింటుంది. రోజూ తిరగేయాలి, సాయంత్రం కుప్ప చేసి గాలి ఆడేలా కప్పాలి. 10 నుంచి 15 రోజులు పడుతుంది. ఒక కొమ్మును విరిచి చూడండి, ఖంగుమని ఇనుము మోగినట్టు వినిపించాలి. వంగి, ఆలస్యంగా విరిగితే ఇంకా తడి ఉన్నట్టే.

మధ్యలో వాన పడితే? తడిసిన సరుకును వెంటనే విడదీసి వేరే పట్టా మీద ఎండబెట్టండి, దాన్ని పొడికి వాడొద్దు. ఆరాక పైకి బాగానే కనిపిస్తుంది గానీ ఒకసారి బూజు పట్టాక దాన్నుంచి పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషం ఎండకు పోదు.

*పాలిష్.* ఎండిన కొమ్ము పైన పొలుసు, వేర్లు, మట్టి ఉంటాయి. డ్రమ్ములో తిప్పి అవి పోగొట్టండి. మెరుపు కోసం కాదు ఇది, ఆ మట్టే రేపు ల్యాబులో పొడిని కాల్చి చూసినప్పుడు బూడిద శాతంగా బయటపడుతుంది. పాలిష్ చేసేటప్పుడు పసుపు రంగు పూసే పాత అలవాటు కొన్నిచోట్ల ఇంకా ఉంది, అలాంటి చోటికి మీ సరుకు తీసుకెళ్లకండి.

3. లాటు పుస్తకం పెట్టండి

రెండు వందల పేజీల నోటుపుస్తకం చాలు. ఒకే మడిలో తవ్వి, ఒకేసారి ఉడికి, ఒకేచోట ఎండింది ఒక లాటు. ప్రతి లాటుకు నంబరు, తవ్విన తేదీ, ఉడికించిన తేదీ, ఎన్ని రోజులు ఎండింది, బస్తాలు ఎన్ని, చివరి మందు ఎప్పుడు కొట్టారు, ఇవి రాయండి. బస్తా మీద కూడా అదే నంబరు. ఒకసారి మర పట్టించి ప్యాకెట్లు కట్టింది ఒక బ్యాచ్, అందులోకి ఏ లాట్లు వెళ్లాయో కూడా ఇదే పుస్తకంలో రాయండి.

రేపు ఒకాయన ఫోన్ చేసి "అన్నా, ఈసారి రంగు తగ్గిందేంటి?" అంటే ప్యాకెట్టు మీది బ్యాచ్ నంబరు అడిగి పుస్తకం తీస్తే ఏ మడి, ఏ రోజు ఉడికింది అన్నీ తెలుస్తాయి. పుస్తకం లేకపోతే "అలా ఉండదే" అని వాదించడం తప్ప చేయగలిగింది ఉండదు, వాదనతో మళ్లీ కొన్నవాళ్లు లేరు.

4. మర పట్టించడం

మొదటి ఏడాది సొంత మిషన్ కొనకండి. కూలికి పట్టించండి, కానీ మరను ఎంచుకోవడంలో జాగ్రత్త.

మిరప పట్టే మరలోనే పసుపు పడితే పొడిలో ఘాటు చేరుతుంది, పిండి మరలో పడితే పిండి కలుస్తుంది. పసుపు మాత్రమే పట్టే మర దొరకకపోతే, ముందు గిర్ని విప్పి బ్రష్షుతో, గాలితో శుభ్రం చేయించి, మీ సరుకే ఐదారు కిలోలు పట్టించి దాన్ని పక్కన పెట్టండి. మరవాడు "ఏం కాదు సార్, పోయండి" అంటాడు. పోయకండి. పక్కన నిలబడి చేయించుకోండి, దాని కూలి కూడా ఇవ్వండి.

తర్వాతి సమస్య వేడి. కొమ్ము గట్టిది, మర గంటల తరబడి ఆపకుండా తిరిగితే పొడి చేయి పెట్టలేనంత వేడెక్కుతుంది, ఆ వేడికి పసుపులోని నూనె ఎగిరిపోతుంది, వాసన పోవడానికి ఇదే మొదటి కారణం. తెల్లవారుజామున పట్టించండి, ముందు ముక్కలు కొట్టించి తర్వాత మెత్తగా పట్టించండి, మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వండి.

జల్లెడ పట్టాక వేడి పొడిని అలాగే కవర్లలో నింపొద్దు. స్టీలు ట్రేల్లో పలచగా పోసి పూర్తిగా చల్లారాకే ప్యాకింగ్. మిక్సీ పట్టిన వేడి కారం డబ్బాలో పోసి మూత పెడితే మూతకు చెమట పట్టినట్టే ఇక్కడా పడుతుంది, ఆ చెమటే రెండు నెలలకు గడ్డలవుతుంది.

ఒకేసారి మొత్తం పంట పట్టించకండి. కొమ్ముగా ఉంటే వాసన చాలాకాలం నిలుస్తుంది, పొడి అయ్యాక తగ్గుతూ పోతుంది. నెలా నెలన్నరకు సరిపడా పట్టించండి. పోయిన నెల పట్టించిన పొడి అని ప్యాకెట్టు మీద తేదీ చూపించగలగడం చిన్న యూనిట్‌కు ఉన్న పెద్ద బలం, దేశమంతా సరఫరా చేసే కంపెనీకి ఇది కష్టం.

5. ల్యాబ్ పరీక్ష: ఏమేం అడగాలి

ఇంట్లో మొదట ఒకటి చేయండి. గ్లాసు నీళ్లలో చెంచా పొడి వేసి కదపకుండా వదిలేయండి. కల్తీలేని పొడి చాలావరకు అడుక్కు దిగి పైన నీళ్లు లేత పసుపుగా ఉంటాయి, రంగు కలిపింది అయితే నీళ్లు వెంటనే చిక్కటి పసుపు తిరుగుతాయి. ఇది మీకోసం కాదు, మీ కొనుగోలుదారుకు చేసి చూపించడానికి.

అసలు పరీక్ష మాత్రం గుర్తింపు ఉన్న ల్యాబులోనే. గుంటూరులో స్పైసెస్ బోర్డు ల్యాబ్ ఉంది, హైదరాబాద్‌లో ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ బోర్డు) గుర్తింపు ఉన్న ప్రైవేటువి చాలా ఉన్నాయి. అడగాల్సినవి:

- తేమ: పొడిలో 10 శాతం మించకూడదు
- మొత్తం బూడిద: 9 శాతం మించకూడదు
- కుర్కుమిన్: కనీసం 2 శాతం
- లెడ్ క్రోమేట్, మెటానిల్ ఎల్లో (పసుపు రంగు కోసం కలిపే హానికర రసాయనాలు): అసలు ఉండకూడదు
- సీసం
- పురుగుమందుల అవశేషాలు (ఖర్చు ఎక్కువ, అయినా ఏడాదికి ఒక్కసారైనా)
- అఫ్లాటాక్సిన్, ముఖ్యంగా ఎండబెట్టేటప్పుడు వాన పడిన ఏడాది

ప్రతి బ్యాచ్‌కీ అన్నీ చేయించక్కర్లేదు. తేమ, బూడిద తరచుగా, మిగతావి సీజన్‌కు ఒకసారి. కుర్కుమిన్ తక్కువొచ్చిందని రిపోర్టు దాచకండి, 3 శాతం అని వస్తే 3 అనే చెప్పండి. ప్రతి బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు మీ దగ్గరే అట్టిపెట్టుకోవడం మరవొద్దు, ఫిర్యాదు వచ్చినప్పుడు పక్కన పెట్టి పోల్చడానికి అవే దిక్కు.

6. ధర లెక్క, కాగితం మీద

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. "పసుపు మా ఇంటిదే కదా" అని కొమ్ము ఖరీదు లెక్కలోకి రానివ్వరు. ఆ రోజు యార్డులో కొమ్ము ఎంత పలుకుతోందో ఆ రేటుకు మీ పొడి వ్యాపారం మీ పొలం దగ్గర కొన్నట్టే రాసుకోవాలి. ఉదాహరణకు క్వింటాలు 13,000 అనుకుందాం (మిగతావీ ఉదాహరణ అంకెలే, మీవి వేసుకోండి):

- కొమ్ము 100 కిలోలు: 13,000
- మర కూలి: 1,000
- తరుగు 6 కిలోలు పోగా 94 కిలోల పొడి, అంటే 250 గ్రాముల ప్యాకెట్లు 376. కవరు, లేబులు కలిపి ఒక్కోటి 6 చొప్పున: 2,256
- నింపడం, సీలు వేయడం కూలి: 1,500
- ల్యాబ్ ఖర్చులో ఈ బ్యాచ్ వాటా: 1,000
- రవాణా: 1,000

మొత్తం 19,756. శాంపిళ్లకు, చిరిగినవాటికి 12 ప్యాకెట్లు పోతాయి, అమ్మకానికి మిగిలేవి 364. ఒక్కో ప్యాకెట్టుకు మీకు పడ్డది దాదాపు 54 రూపాయలు.

ఇప్పుడు ఎంఆర్‌పీ 80 పెట్టారనుకోండి. కిరాణా కొట్టుకు 20 శాతం మార్జిన్ ఇస్తే మీ చేతికి 64, అందులో 5 శాతం జీఎస్టీ పోతే 61. మిగిలేది ఏడు రూపాయలు, అదీ కొట్టువాడు అప్పు ఎగ్గొట్టకపోతే. నేరుగా ఇంటికి అమ్మితే జీఎస్టీ పోగా 76 వస్తుంది, 22 మిగులుతాయి. కొరియర్ మీరే భరిస్తే అందులోంచి ఇంకా తగ్గుతుంది, అందుకే ఒక్క ప్యాకెట్టు పంపొద్దు, కిలో కాంబో పెట్టండి.

ఈ లెక్క వేశాక యార్డుకు తోలడమే నయం అనిపిస్తే ఆ ఏడాది తోలేయండి. అందులో తప్పేం లేదు.

7. ప్యాకెట్టు, లేబులు

ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. తెల్ల కాగితం మీద చెంచాడు పొడి పరిచి రెండు మూడు రోజులు ఎండలో పెట్టండి, ఇంకో చెంచాడు బీరువాలో పెట్టండి. పక్కపక్కన చూస్తే తెలిసిపోతుంది, వెలుతురు పసుపు రంగును తినేస్తుంది. కాబట్టి రంగు కనిపించాలని పారదర్శకమైన కవర్లో అమ్మకండి. లోపల అల్యూమినియం పొర ఉన్న జిప్ పౌచ్ తీసుకోండి, సీలు గట్టిగా పడిందో లేదో నీళ్ల బకెట్లో ముంచి నొక్కి చూడండి.

లేబుల్ మీద ఉండాల్సినవి:
- సరుకు పేరు, పచ్చ చుక్క శాకాహార గుర్తు
- నికర తూకం, ఎంఆర్‌పీ (అన్ని పన్నులతో కలిపి), గ్రాముకు లేదా కిలోకు ధర
- బ్యాచ్ నంబరు, తయారీ లేదా ప్యాకింగ్ తేదీ, ఎప్పటిలోపు వాడాలి
- తయారీదారు పేరు, పూర్తి చిరునామా, ఫిర్యాదులకు ఫోన్, ఈమెయిల్
- కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఇచ్చే 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు

ఉండకూడనివి: క్యాన్సర్ తగ్గుతుంది, షుగర్ తగ్గుతుంది లాంటి మాటలు. సర్టిఫికేట్ లేకుండా "ఆర్గానిక్" అని వేయడం. ముందు పదివేల కవర్లు ముద్రించేసి తర్వాత తప్పు చూసుకునేవాళ్లు చాలామందే ఉన్నారు. మొదట సాదా పౌచ్ మీద స్టిక్కర్ అంటించండి, మూడు నాలుగు బ్యాచ్‌లు అయ్యాక ముద్రణకు వెళ్లండి.

8. కాగితాల పని, క్లుప్తంగా

పొలంలో పండిన కొమ్మును అలాగే అమ్ముకునే రైతుకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అక్కర్లేదు, పొడి చేసి ప్యాకెట్టు కట్టిన రోజు నుంచి కావాలి. చిన్న టర్నోవరుకు రిజిస్ట్రేషన్, పెద్దదానికి లైసెన్సు. ఆ సంస్థ వెబ్‌సైటైన ఫోస్కోస్ పోర్టల్‌లో మీరే అప్లై చేసుకోవచ్చు, పరిమితులు అప్పుడప్పుడు మారుస్తుంటారు కాబట్టి అక్కడే చూసుకోండి. ప్యాకెట్లు కట్టేవాళ్లు తూనికలు కొలతల శాఖ దగ్గర ప్యాకర్‌గా నమోదు కావాలి, ఇది చాలామందికి తెలియక తనిఖీలో దొరికిపోతారు. పేరుకు ట్రేడ్‌మార్క్ 30వ తరగతిలో (మసాలాలు వచ్చేది అందులోనే) వేయండి, వ్యక్తులకు, చిన్న యూనిట్లకు ఆన్‌లైన్ ఫీజు 4,500. వేసేముందు ఆ పేరు ఇంకెవరైనా తీసుకున్నారేమో వెతకండి.

పసుపు బోర్డు ప్రధాన కార్యాలయం 2025 జూన్‌లో నిజామాబాద్‌లోనే తెరిచారు. శిక్షణ, ఎగుమతి సందేహాలు ఉంటే వెళ్లి అడగండి.

9. మొదటి 50 ఇళ్లు

కొట్ల చుట్టూ తిరిగేముందు మీకు తెలిసినవాళ్లు ఉండే ఒకటి రెండు అపార్టుమెంట్లు పట్టుకోండి. 100 గ్రాముల ప్యాకెట్టు డబ్బుకే అమ్మండి, ఉచితంగా ఇచ్చిందాన్ని అల్మారాలో మూలకు తోస్తారు. పేరు, నంబరు, ఏ బ్యాచ్ ఇచ్చారో రాసుకోండి. నలభై రోజులకు ఫోన్ చేసి "అక్కా, పసుపు ఎలా ఉంది?" అని కాకుండా "పాతదానికి వేసినంతే వేస్తున్నారా, తక్కువ సరిపోతోందా? వాసన ఎలా ఉంది?" అని అడగండి. ఎలా ఉంది అంటే బాగుంది అనే అంటారు, మొహం మీద బాగోలేదని మనలో ఎవరంటారు?

50 ఇళ్లలో సగం మంది అడగకుండానే రెండోసారి తీసుకుంటే కొట్లకు, ఆన్‌లైన్‌కు వెళ్లండి. పది మంది కూడా అడగకపోతే ప్రకటనల మీద రూపాయి పెట్టొద్దు, మళ్లీ రెండో అడుగుకు వెళ్లి సరుకు చూసుకోండి.

అమెరికాలో ఉన్న చుట్టాలు సూట్‌కేసులో రెండు కిలోలు పట్టుకెళ్లడం ఎగుమతి కాదు. నిజంగా పంపాలంటే ఐఈసీ (ఎగుమతి దిగుమతులకు ప్రభుత్వమిచ్చే కోడ్), స్పైసెస్ బోర్డు ఎగుమతిదారు నమోదు, సీసం, అవశేషాల రిపోర్టులు కావాలి. లోకల్‌గా రెండు సీజన్లు నిలబడ్డాక ఆలోచించండి.

10. తరచూ వచ్చే ఫిర్యాదులు, సరిచేసుకునే విధం

*పొడి గడ్డకట్టింది.* వేడి మీద ప్యాక్ చేశారు, లేదా సీలు సరిగా పడలేదు, లేదా కొమ్ములోనే తేమ ఉంది. దాచిన ప్యాకెట్టు తెరిచి చూడండి. అది బాగుంటే తేడా సీలులోనో రవాణాలోనో ఉంది, అదీ గడ్డకడితే బ్యాచ్ మొత్తం వెనక్కి తెప్పించండి.

*రంగు తక్కువ.* పాలిపోయి ఉంటే వెలుతురు తగిలింది. గోధుమ రంగు తిరిగితే ఎక్కువ ఉడికింది. రంగు నిలకడగా లేకపోతే లాట్లు ఒక్కోసారి ఒక్కో పాళ్లలో కలిశాయి. వచ్చే బ్యాచ్ నుంచి రెండు మూడు మంచి లాట్లు ఎప్పుడూ ఒకే పాళ్లలో కలిపి పట్టించండి.

*వాసన లేదు.* మర వేడి, లేదా పొడి పాతది. ముందు ప్యాకింగ్ తేదీ చూడండి.

*ఇసుక తగులుతోంది.* కడగడం, పాలిష్ సరిపోలేదు. ఇది వస్తే డబ్బు వెనక్కిచ్చేయండి, మాట్లాడొద్దు.

*పురుగు పట్టింది.* కొమ్ము బస్తాలు గోడకు ఆనించి నేల మీద పెట్టారేమో చూడండి. చెక్క బల్లల మీద, గోడకు అడుగు దూరంలో ఉండాలి.

11. సొంత మిషన్ ఎప్పుడు

నెలకు రెండు మూడు క్వింటాళ్ల పొడి ఆరు నెలలు ఆగకుండా అమ్ముడైతే అప్పుడు పల్వరైజర్ (పొడి కొట్టే మిషన్) గురించి మాట్లాడండి. పీఎంఎఫ్‌ఎంఈ అనే, చిన్న ఆహార యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పథకంలో ప్రాజెక్టు ఖర్చుపై 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా సబ్సిడీ ఉంది, కానీ అది బ్యాంకు రుణంతో ముడిపడి ఉంటుంది. ముందు పథకం గడువు నడుస్తోందో లేదో జిల్లా ఉద్యానశాఖ ఆఫీసులోనో పరిశ్రమల కేంద్రంలోనో కనుక్కోండి. సబ్సిడీ వస్తుందని అవసరానికి మించిన మిషన్ తీసుకోకండి, వాయిదా మాత్రం ప్రతి నెలా కట్టాల్సిందే, పసుపు మాత్రం ఏడాదికి ఒక్కసారే చేతికొస్తుంది. నలుగురు రైతులు కలిసి పెట్టుకునేట్టయితే ఎవరి లాటు ఎప్పుడు పడుతుందో, మర శుభ్రం ఎవరు చేయాలో ముందే కాగితం మీద రాసుకుని సంతకాలు పెట్టండి, గొడవలు ఎక్కువగా వచ్చేది ఆ రెండు విషయాల దగ్గరే.